రెండో షిఫ్టు వారంలో పాపను ఎప్పుడు పడుకోబెట్టాలి?

కాలనీ ఇల్లాలు, భూపాలపల్లి
సోమవారం, రాత్రి 1:10

మా పాపకు నాలుగేళ్లు నిండాయి. ఎల్‌కేజీ చదువుతోంది. బడి ఆటో ఉదయం ఎనిమిదింటికి వస్తుంది. మా ఆయనది బొగ్గు గనిలో పని. ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండోది, ఒక వారం రాత్రి షిఫ్టు. మొదటి షిఫ్టు వారంలో మా ఇంట్లో నిద్ర గొడవే ఉండదు. సాయంత్రం నాలుగింటికల్లా ఆయన ఇంట్లో ఉంటారు. స్నానం, అన్నం, కథ అన్నీ నాన్న చేతుల మీదుగానే. తొమ్మిది కాకముందే పాప నిద్రపోతుంది.

రెండో షిఫ్టు వారమే కష్టం. మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11 వరకు పని. గని పైకి వచ్చి, స్నానం చేసి, బండి మీద ఇల్లు చేరేసరికి పన్నెండు కావస్తుంది. అంతవరకు పాప కన్ను మూయదు. నాన్న వచ్చాకే కథ అని గడప దగ్గరే కూర్చుంటుంది. ఎత్తుకొచ్చి పడుకోబెట్టినా వీధిలో ఏ బండి చప్పుడైనా లేచి కూర్చుంటుంది. ఆయన రాగానే ఎక్కడలేని హుషారు వస్తుంది, ఒంటిగంట దాకా ఆటలే. తెల్లవారి లేపితే ఏడుపు. టిఫిన్ ముట్టదు. ఆటోలో తోటి పిల్లల మీద వాలి నిద్రపోతుంది.

మా అత్తమ్మ మాట వేరు. "వాడు బిడ్డ ముఖం చూసేదే ఆ ఒక్క గంట. అది కూడా లేకుండా చేస్తావా" అంటుంది. ఆ మాటను నేను తోసిపుచ్చలేను. ఆయన నిద్ర లేచేసరికి పాప బడిలో ఉంటుంది, పాప వచ్చేసరికి ఆయన గనిలో ఉంటారు. వారమంతా తండ్రీబిడ్డలు ఒకరినొకరు చూసుకోకుండా ఎలా ఉంటారు? నిద్ర కావాలో నాన్న కావాలో తేల్చుకోమని ఆ పసిదాన్ని అడగలేను కదా. షిఫ్టు పనులున్న ఇళ్లవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి.

తొట్టెల, నర్సంపేట
మంగళవారం, ఉదయం 6:20

అమ్మా, ముప్పై ఏళ్లు చిన్న తరగతులకు పాఠాలు చెప్పి, ఇప్పుడు ఇద్దరు మనవళ్లను పడుకోబెడుతున్నదాన్ని. నాకు తెలిసింది చెబుతాను.

ఈ వయసు పిల్లలకు గడియారం తెలియదు. ఏది తర్వాత ఏది జరుగుతుందో మాత్రం బాగా తెలుసు. మా ఇంట్లో దీపాలు పెట్టాక గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు కడిగిస్తాను. తర్వాత పప్పన్నమో పెరుగన్నమో. తర్వాత పళ్లు తోమడం. తర్వాత బొంత పరచడం. మా అత్తగారి పాత నూలు చీరలతో కుట్టిన బొంత అది, చిన్నవాడు దాని అంచు పట్టుకుంటేనే పడుకుంటాడు. బొంత పరిచాక పెద్ద లైటు వెలగదు, ఎవరూ గట్టిగా మాట్లాడరు, చుట్టాలు వచ్చినా సరే. ఆ తర్వాతే కథ. ఒక్కటే కథ.

మీ పాప రాత్రి వరుసలో చివరి మెట్టు "నాన్న" అయి కూర్చున్నాడు. ఆ మెట్టు రెండో షిఫ్టు వారంలో పన్నెండింటికి గానీ దొరకదు. కాబట్టి ఏ షిఫ్టులోనైనా దొరికేదాన్ని చివరి మెట్టుగా పెట్టండి. అది మీ కథ కావచ్చు, అత్తగారి పాట కావచ్చు, దీపం ఆర్పడం కావచ్చు. నాన్నకు రోజులో వేరే చోటు చూడండి. ఆ చోటు కచ్చితంగా ఉండాలి. మీ అత్తగారు అన్న మాటలో న్యాయం ఉంది.

పిల్లల వైద్యుడు, కరీంనగర్
మంగళవారం, ఉదయం 9:45

మేడం చెప్పినదానికి లెక్కలు జోడిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లలకు ఇచ్చిన సూచనల ప్రకారం 3, 4 ఏళ్ల పిల్లలకు రోజు మొత్తంలో 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పగటి కునుకు కూడా ఇందులోదే. ఏడాది నుంచి రెండేళ్ల వాళ్లకు 11 నుంచి 14 గంటలు. మీ పాప ఏడింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదింటికైనా నిద్రలో ఉండాలి. ఒంటిగంటకు పడుకుంటే రాత్రి నిద్ర 6 గంటలే. మిగతాది ఆటోలోనూ, బడి నుంచి వచ్చాక సాయంత్రమూ తీర్చుకుంటుంది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పడుకున్న పిల్ల రాత్రి తొమ్మిదింటికి ఎలా పడుకుంటుంది? ఆ ఆలస్యం మర్నాటి సాయంత్రం కునుకును మళ్లీ పెంచుతుంది. మీ పాప సాయంత్రం ఎంతసేపు పడుకుంటోందో చెప్పండి. అది అరగంటకు తగ్గితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

చీకటి పడుతుంటే మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరడం మొదలవుతుంది. కళ్లలో పడే వెలుతురు దాన్ని అణచివేస్తుంది. ఈ విషయంలో చిన్నపిల్లల కళ్లు పెద్దవాళ్ల కళ్లకన్నా సున్నితం. అందుకే పడుకునే ముందు గంటసేపు ట్యూబులైటు, టీవీ, ఫోను వద్దంటాం. గోరువెచ్చని స్నానంతో చర్మానికి రక్తం ఎక్కువగా పారుతుంది, ఒంట్లోని వేడి బయటికి పోతుంది. అలా ఒళ్లు చల్లబడటమే నిద్రను పిలుస్తుంది.

ఇంకో మాట అడగకుండానే చెబుతున్నాను, మా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది ఆశపడేది ఇదే కాబట్టి. నిద్ర కోసం జలుబు మందు, దగ్గు మందు పోయకండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద హెచ్చరిక ముద్రించాలని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు. ఆ వయసు దాటినా అది నిద్ర మందు కాదు.

కాజీపేట జంక్షన్
మంగళవారం, మధ్యాహ్నం 2:30

చెల్లెమ్మా, నేను రైలు నడుపుతాను. మీ ఆయనకు వారం ముందే షిఫ్టు తెలుస్తుంది. మాకు అదీ లేదు, పిలుపు వచ్చినప్పుడు బయలుదేరాలి. ఒక రాత్రి బల్లార్షా, ఒక రాత్రి విజయవాడ, ఒక రాత్రి ఇల్లు. మా అబ్బాయికి ఐదేళ్లు.

మా ఇంట్లో పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. నేను ఇంట్లో ఉన్న రాత్రి కూడా మా ఆవిడ పాటించే వరుసనే నేనూ పాటిస్తాను. ఆమె ఒక కథ చెబితే నేనూ ఒకటే చెబుతాను. ఆమె తొమ్మిదింటికి దీపం ఆర్పితే నేనూ ఆర్పుతాను. ఇంటికి వచ్చిన సంతోషంలో నేను పదకొండు దాకా ఆడించి, మూడు కథలు చెప్పి, భుజాల మీద తిప్పితే వాడికి అమ్మ రాత్రులు చప్పగా అనిపిస్తాయి, నాన్న రాత్రి కోసం కాచుకుంటాడు. వాడితో ఆడాలని నాకు ఎంత ఉంటుందో చెప్పలేను. ఆ ఆటంతా పగటికి దాచుకుంటాను.

ఇంటి నుంచి వెళ్లేటప్పుడు తప్పకుండా చెప్పి వెళతాను. నిద్రలో ఉన్నప్పుడు బయలుదేరవలసి వస్తే, అలా జరగవచ్చని ముందే చెప్పి ఉంచుతాను. చెప్పకుండా మాయమైతే ఆ తర్వాత రాత్రంతా వాడు తలుపు వైపే చూస్తాడు.

కాలనీ ఇల్లాలు, భూపాలపల్లి
మంగళవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. డాక్టరు గారూ, సాయంత్రం రెండు గంటలు పడుకుంటోంది. అలసి వచ్చిందని లేపడానికి మనసు ఒప్పదు.

అన్నా, ఆయన లేని రాత్రి కూడా వరుస తప్పకూడదని ఫోనులో ఆయన గొంతుతో కథ రికార్డు చేసి వినిపించాను. మొదట బాగానే విన్నది. మధ్యలో ఏదో ప్రశ్న అడిగింది. ఫోను జవాబు చెప్పదు కదా. మళ్లీ అడిగింది. ఆపైన ఏడ్చింది. దానికి కథ అంటే అడ్డం వచ్చి ప్రశ్నలు అడగడమే. ఇది రాస్తున్నప్పుడు కూడా గడప దగ్గరే ఉంది.

పరకాల పెద్దమ్మ
బుధవారం, ఉదయం 7:05

నేను మీ అత్తమ్మ వైపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మా చిన్నప్పుడు మమ్మల్ని ఎవరు పడుకోబెట్టారు? ఎండాకాలం వాకిట్లో నీళ్లు చల్లి మంచాలు వేసేవాళ్లు. పెద్దవాళ్లు పత్తి ధర, పెళ్లి సంబంధాలు, మల్లన్న పట్నాల సంగతులు మాట్లాడుకుంటుంటే వింటూ వింటూ ఎప్పుడో నిద్రపోయేవాళ్లం. ఎవరి మంచం మీద పడుకున్నామో, తెల్లవారి ఎవరి మంచం మీద లేచామో తెలియదు. మా నాన్న మిరప కళ్లం దగ్గరి నుంచి ఎంత పొద్దుపోయి వచ్చినా, ఆయన చేతి ముద్ద తినే పడుకునేదాన్ని. ఆ ముద్ద రుచి నాకు ఇంకా తెలుసు. నిద్ర గంటలు మాత్రం ఒక్కటీ గుర్తు లేవు. ఆ పిల్లకు తండ్రి కోసం ఎదురుచూడటం ఒక ఆశ. అంత ఆశగా ఎదురుచూసే బిడ్డ ఉన్న తండ్రి అదృష్టవంతుడు. దాన్ని జబ్బులా చూడకండి.

అంగన్‌వాడీ టీచర్, ములుగు జిల్లా
బుధవారం, మధ్యాహ్నం 1:40

పెద్దమ్మా, మీరు చెప్పిన వాకిలి నాకూ తెలుసు, నేనూ అలాంటి మంచాల మీదే పెరిగాను. కానీ అప్పుడు తెల్లవారి మనల్ని ఎవరూ ఎనిమిదింటికి ఆటో ఎక్కించలేదు. నిద్ర చాలకపోతే ఎండ ముఖాన పడేదాకా పడుకున్నాం. రాత్రి ఆలస్యమైన నిద్రను పొద్దున తీర్చుకునే వీలు ఉండేది. ఇప్పటి పిల్లలకు ఆ వీలు పోయింది, రాత్రి మాత్రం అలాగే సాగుతోంది. నష్టం అంతా పిల్లల వైపే పడుతోంది. రోజూ పొద్దున నా ముందు కూర్చునే పిల్లల్లో ఎవరు రాత్రి పడుకున్నారో, ఎవరు పడుకోలేదో పాట మొదలుపెట్టగానే తెలిసిపోతుంది. నిద్ర చాలని పిల్లలు మందకొడిగా ఉంటారని అనుకుంటాం. చాలామంది అందుకు విరుద్ధం. నిలకడ ఉండదు, పక్కవాళ్లను గిల్లుతారు, చిన్నదానికే ఏడుస్తారు. అల్లరి పిల్ల అని పేరు పడుతుంది.

అక్కా, మీ ఆయన మధ్యాహ్నం బయలుదేరే ముందు ఇంట్లో ఒక పలక మీద ఏదో ఒక బొమ్మ గీసి పెట్టి వెళ్లమనండి. బొమ్మ బాగుండాలనేమీ లేదు. ఒక చెట్టు, ఒక పిల్లి, తట్ట ఎత్తుకున్న మనిషి, ఏదైనా. రాత్రి మీరు ఆ బొమ్మ మీద కథ అల్లండి. ప్రశ్నలన్నీ మిమ్మల్ని అడుగుతుంది, ఫోనును అడగదు. "నాన్న ఈ పిల్లికి తోక ఎందుకు పెట్టలేదు?" అన్న ప్రశ్న మాత్రం పొద్దున నాన్ననే అడగమనండి. మా కేంద్రానికి వచ్చే ఒక పాప వాళ్ల నాన్న లారీ నడుపుతాడు. ఆ ఇంట్లో ఈ పద్ధతి బాగా నడుస్తోంది.

జగిత్యాల బిడ్డ, దుబాయి
బుధవారం, రాత్రి 11:50

నేను చెప్పేది మీకు పనికొస్తుందో లేదో తెలియదు. నాకు మూడేళ్ల కొడుకు. వాణ్ని చేతుల్లోకి తీసుకున్నది సెలవులకు వచ్చినప్పుడే. మిగతా అంతా ఫోనులోనే.

ఇక్కడికీ మన ఊరికీ గంటన్నర తేడా. మన దగ్గర రాత్రి ఎనిమిదిన్నర అయితే ఇక్కడ ఏడు. సైటు నుంచి క్యాంపుకు వచ్చే బస్సులో ఉంటాను. మొదట్లో ఆ సమయానికే వీడియో ఫోను చేసేవాణ్ని. వాడు నా ముఖం చూసి తెరను ముద్దు పెట్టుకునేవాడు, గెంతేవాడు, బొమ్మలన్నీ తెచ్చి చూపించేవాడు. ఫోను పెట్టేశాక గంటసేపు ఏడుపు. నేను ఇక్కడ సంతోషంగా భోజనానికి వెళుతుంటే అక్కడ మా ఆవిడ ఒక్కతే ఆ ఏడుపు మోసేది. ఆమె చాలా రోజులు నాకు చెప్పలేదు.

ఇప్పుడు వీడియో సాయంత్రమే, ఇక్కడి మధ్యాహ్నం విరామంలో. రాత్రి ఎనిమిదిన్నరకు మాట మాత్రమే. ఫోను తెర కిందికి తిప్పి దిండు పక్కన పెడుతుంది. నేను బస్సు చివరి సీటులో కూర్చుని మెల్లగా చెబుతాను. ఎప్పుడూ ఒకే వరుస. ముందు ఈ రోజు వాడు తిన్నవన్నీ అడుగుతాను. తర్వాత ధర్మపురి దగ్గర గోదావరిలో చేప కథ. ఆ చేప ఏమీ చేయదు. ఒక రేవు దగ్గర ఆగుతుంది, నీళ్లు తాగుతుంది, ఇంకో రేవుకు వెళుతుంది. వాడు మాట్లాడటం ఆగిపోయి శ్వాస వినిపిస్తే చాలు, మా ఆవిడ ఫోను తీసేస్తుంది.

ఇల్లాలు చెల్లెమ్మా, మీ పాప ప్రశ్నలు అడిగితే మీ ఆయన రికార్డు చేయకుండా నేరుగా ఫోనులో మాట్లాడే వీలు లేదా?

కాలనీ ఇల్లాలు, భూపాలపల్లి
గురువారం, ఉదయం 11:00

లేదన్నా. గని లోపలికి ఫోను తీసుకెళ్లకూడదు. బొగ్గు గనిలో మండే వాయువు ఉండే అవకాశం ఉంటుంది కాబట్టి చిన్న నిప్పురవ్వ వచ్చే వస్తువును కూడా అనుమతించరు. మీ చేప కథ చదివి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఈ రోజు మధ్యాహ్నం వెళ్లేముందు పలక మీద చేప బొమ్మ గీసి వెళతానన్నారు.

హన్మకొండ అమ్మ
గురువారం, మధ్యాహ్నం 3:15

మధ్యలో నా సమస్య అడగవచ్చా? మా బాబుకు మూడున్నరేళ్లు. తొమ్మిదింటికి చక్కగా పడుకుంటాడు. పదిన్నర ప్రాంతంలో ఒక్కసారిగా లేచి కూర్చుని కేకలు పెడతాడు. కళ్లు తెరిచే ఉంటాయి, నన్ను గుర్తుపట్టడు. ఎత్తుకుంటే తోసేస్తాడు, ఒళ్లంతా చెమట. పది నిమిషాలకు తనంతట తనే పడుకుంటాడు. పొద్దున అడిగితే ఏమీ తెలియదు. మా ఇంట్లో అందరూ గాలి సోకిందంటున్నారు. రోజూ ఉప్పు, ఎండు మిరపకాయలతో దిష్టి తీస్తున్నారు. నాకు చాలా భయంగా ఉంది.

పిల్లల వైద్యుడు, కరీంనగర్
గురువారం, సాయంత్రం 5:30

భయపడకండి అమ్మా. మీరు చెప్పిన లక్షణాలన్నీ నిద్రలో వచ్చే ఉలికిపాటుకు సరిపోతున్నాయి. పిల్లలు పడుకున్న మొదటి మూడు గంటల్లో గాఢనిద్ర ఎక్కువ. ఆ నిద్ర నుంచి మెదడు సగం మేలుకొని సగం నిద్రలోనే ఉండిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. బాబు కళ్లు తెరిచినా మేలుకొని లేడు, అందుకే మిమ్మల్ని గుర్తుపట్టలేదు, అందుకే పొద్దున గుర్తు లేదు. చూసేవాళ్లకే భయం, బాబుకు ఆ భయం మిగలదు.

పీడకల వేరు. అది రాత్రి రెండో సగంలో, తెల్లవారుజాము వైపు వస్తుంది. బిడ్డ పూర్తిగా మేలుకుంటాడు, మిమ్మల్ని వెతుక్కుంటాడు, కల చెబుతాడు. అప్పుడు దగ్గరకు తీసుకోండి. ఉలికిపాటులో మాత్రం కుదిపి లేపకండి, నీళ్లు చల్లకండి. మంచం మీది నుంచి పడకుండా పక్కన కూర్చోండి, చాలు. నిద్ర తక్కువైన రోజుల్లో, జ్వరం ఉన్నప్పుడు ఇవి ఎక్కువవుతాయి. వయసు పెరిగే కొద్దీ తగ్గిపోతాయి. ఒళ్లు బిగుసుకోవడం, కాలో చెయ్యో ఒకే లయలో కొట్టుకోవడం, పక్క తడపడం, ఒకే రాత్రిలో చాలాసార్లు రావడం ఉంటే డాక్టరుకు చూపించండి. ఒకసారి ఫోనులో వీడియో తీసి తీసుకెళ్తే మాకు ఎంతో మేలు. రోజూ గట్టిగా గురక పెడుతున్నా, మధ్యలో శ్వాస ఆగినట్టు అనిపించినా కూడా చూపించాలి. టాన్సిల్స్, అడినాయిడ్ గ్రంథులు పెరగడం వల్ల అలా కావచ్చు.

దిష్టి తీయడం పెద్దల తృప్తి కోసం అయితే బిడ్డ నిద్ర చెడకుండా సాయంత్రమే తీయమనండి. మిరపకాయల పొగ పడకగదిలోకి రానివ్వవద్దు.

తొట్టెల, నర్సంపేట
గురువారం, రాత్రి 8:00

డాక్టరు గారి మాటకు నాదొక విన్నపం. బిడ్డ పడుకోకపోతే బూచి వస్తుందని, పోలీసు వస్తాడని, సూది మందు వేయిస్తామని బెదిరించకండి. చీకటి పడ్డాక అన్న మాట చీకట్లో పెద్దదవుతుంది. పిల్లవాడు భయంతో కళ్లు మూసుకోవడం నిద్ర అనిపించుకోదు. బడిలో సూది మందు వేయడానికి వచ్చినప్పుడు బల్లల కింద దాక్కున్న పిల్లల్ని ఎంతోమందిని చూశాను. వాళ్లను ఆ మాటలతోనే పడుకోబెట్టి ఉంటారు.

పాటలైతే మనకు కరువా? బతుకమ్మ చప్పట్లు ఆపి, ఆ నడకను సగానికి తగ్గించి పాడండి. అదే జోలపాట అవుతుంది. ఆ రోజు జరిగినదాన్నే పేర్చుకుంటూ పోవాలి. మా మనవడికి నిన్న ఇలా పాడాను:

బడి నుంచి వచ్చినాడు ఉయ్యాలో
బలపమ్ము పోయెనాని ఉయ్యాలో
పప్పన్నం తిన్నవాడు ఉయ్యాలో
పళ్లన్ని తోమినాడు ఉయ్యాలో
కోడిపిల్ల పండుకుంది ఉయ్యాలో
కుక్కపిల్ల పండుకుంది ఉయ్యాలో

ఊళ్లో ఎవరెవరు పడుకున్నారో ఒక్కొక్కరినీ చేర్చుకుంటూ పోవచ్చు. వాడే పేర్లు అందిస్తాడు. పేర్లు అందించడం మెల్లగా ఆగిపోతుంది.

బతుకమ్మ పండుగ తొమ్మిది రాత్రులూ మాత్రం ఏ వరుసా సాగదు, సాగనివ్వాలని కూడా నేను అనను. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా పిల్లలు ఆటలోనే ఉండాలి. దసరా అయ్యాక రోజుకు కొంచెం ముందుకు జరుపుకుంటూ వస్తే మళ్లీ దారిలో పడతారు.

గోదావరిఖని నుంచి
శుక్రవారం, ఉదయం 8:30

అందరూ రాసినవి బాగున్నాయి. మే నెలలో మా దగ్గర ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. పగలు 44, 45 డిగ్రీలు. డాబా ఇళ్లు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతుంటాయి. బిడ్డ అటూ ఇటూ దొర్లుతుంది, పడుకోదు. కూలరు పెడితే గది అంతా చెమ్మ, ఊపిరాడదు.

కొత్తవాడ మగ్గం, వరంగల్
శుక్రవారం, ఉదయం 10:20

అన్నా, కూలరు పెట్టేటప్పుడు ఎదురు కిటికీ తెరిచి ఉంచండి. తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే కూలరు పని చేయదు. సాయంత్రం డాబా మీద రెండుసార్లు నీళ్లు కొట్టండి. ఫోము పరుపు మీద బిడ్డను పడుకోబెట్టకండి, అది ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. నేల మీద నూలు షత్రంజి పరచండి. మా కొత్తవాడ షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను నేసేవాణ్ని కాబట్టి చెప్పుకుంటున్నానని అనుకోకండి. దట్టంగా నేసిన నూలు చెమటను పీలుస్తుంది, గాలి ఆడనిస్తుంది, ఉతికి ఆరేయవచ్చు, మా పిల్లలు పుట్టిన నాటి నుంచి దాని మీదే పడుకున్నారు. డాబా మీద పడుకుంటే దోమతెర తప్పకుండా కట్టండి. మలేరియా దోమ కుట్టేది రాత్రిపూటే. డెంగీ దోమ పగలు కుడుతుంది, కాబట్టి మధ్యాహ్నం కునుకు తీసే బిడ్డకు కూడా దోమతెర అవసరమే.

పాలంపేట దారి
శుక్రవారం, మధ్యాహ్నం 12:45

రామప్ప గుడి చూడటానికి వచ్చే వాళ్లకు దారి చూపించడం నా పని. రోజంతా పెద్దవాళ్లకు చెప్పేదే రాత్రి మా అమ్మాయికి చెబుతాను, వేరే తీరుగా.

పడుకునే ముందు చెప్పే కథలో గెలుపు ఓటములు ఉండకూడదని నా అనుభవం. "తర్వాత ఏమైంది" అని బిడ్డ లేచి కూర్చునే కథ పగటి కథ. రాత్రి కథ నడుస్తూ ఉండాలి, అంతే. రామప్ప గుడి గోడ అడుగున చుట్టూ ఏనుగుల వరుస చెక్కి ఉంటుంది. మా అమ్మాయి కళ్లు మూసుకుని ఆ వరుస వెంట నడుస్తుంది. ఈ ఏనుగు తొండం ఎత్తింది. ఈ ఏనుగు వెనక్కి చూసింది. ఈ ఏనుగు అలసిపోయింది. ఒక మూల తిరిగాక రెండో వైపు మొదలుపెడతాం. మూడో వైపు దాకా వెళ్లిన రాత్రులు తక్కువ.

సమ్మక్క కథ పిల్లలందరూ అడుగుతారు. యుద్ధం, గాయాలు, జంపన్న వాగు ఎర్రబడటం పగలు చెప్పండి. రాత్రికి అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన పసిపాపను కోయదొరలు ఊరికి తెచ్చుకున్న ఘట్టం వరకే చాలు. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారని చెబితే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. తమ ఎత్తు బెల్లం తూచడం వాళ్లు చూసే ఉంటారు కదా. ఇక తక్కెడలో ఎవరెవరు కూర్చున్నారో చెప్పుకుంటూ పోవచ్చు.

పరకాల పెద్దమ్మ
శుక్రవారం, మధ్యాహ్నం 2:00

అంగన్‌వాడీ టీచరమ్మా, ఆటో సంగతి నిజమే, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా శనివారం రాత్రి ఆ పిల్లను తండ్రి కోసం ఎదురుచూడనివ్వండి. ఆదివారం బడి లేదు కదా. వారానికి ఒక్క రాత్రయినా ఆయన చేతి ముద్ద తిని పడుకోనివ్వండి. ఆ మాట మీద నేను నిలబడతాను.

పిల్లల వైద్యుడు, కరీంనగర్
శుక్రవారం, రాత్రి 9:10

పెద్దమ్మ గారూ, వైద్యం ప్రకారం వారమంతా ఒకే సమయం మంచిది. ఒక రాత్రి రెండు మూడు గంటలు జరిగితే సోమవారం ఉదయం మళ్లీ కష్టమవుతుంది. పన్నెండింటి దాకా కాకుండా, ఆదివారం మధ్యాహ్నం భోజనం తండ్రి చేతి ముద్దలతో జరిగితే ఎలా ఉంటుంది? ఇంకొకటి, ముద్ద ఎప్పుడు తిన్నా తర్వాత పళ్లు తోమించాలి. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల ముందు పళ్లు ఎంత త్వరగా పుచ్చిపోతాయో రోజూ చూస్తున్నాను.

కాలనీ ఇల్లాలు, భూపాలపల్లి
ఆదివారం, సాయంత్రం 4:30

మా ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం, అత్తమ్మ కూడా. రెండో షిఫ్టు వారంలో నాన్న వేళ పొద్దుటికి మార్చాం. ఆయన ఆరున్నరకు లేచి పాపకు తల దువ్వి, టిఫిన్ తినిపించి, బండి మీద తనే బడి దగ్గర దింపుతారు. తిరిగి వచ్చి పదకొండు దాకా పడుకుంటారు. నిద్ర రెండు ముక్కలవుతుంది, అయినా తనకు అదే బాగుందంటున్నారు. పలక గోడకు తగిలించాం. సాయంత్రం కునుకు అరగంటే, లేపే బాధ్యత అత్తమ్మ తీసుకుంది. దీపం ఆర్పేది కూడా అత్తమ్మే. పాప ఒక్కో రాత్రి గడప దగ్గరికి వెళ్లి నిలబడుతూనే ఉంది. అప్పుడు పలక చూపిస్తున్నాను. శనివారం రాత్రి మాత్రం పెద్దమ్మ చెప్పినట్టే చేయాలని అత్తమ్మ పట్టు. డాక్టరు గారు నన్ను క్షమించాలి, ఈ ఇంట్లో ఆ ఒక్క రాత్రి అత్తమ్మ మాటే నడుస్తుంది.

రాత్రి షిఫ్టు వారం గురించి ఒక ప్రశ్న మిగిలింది. ఆయన పదింటికి బయలుదేరుతారు. అప్పటికి పాప నిద్రలో ఉంటుంది కానీ బండి స్టార్టు చేయగానే లేస్తుంది.

కాజీపేట జంక్షన్
ఆదివారం, సాయంత్రం 6:00

బండిని ఇంటి ముందు స్టార్టు చేయవద్దు చెల్లెమ్మా. వీధి చివర దాకా తోసుకెళ్లమనండి. చెప్పులు, సంచి, టిఫిన్ డబ్బా పాప పడుకోకముందే బయట పెట్టుకోవాలి. వెళ్తున్నట్టు పాపకు ఎనిమిదింటికే చెప్పాలి. తెలిసి పడుకున్న బిడ్డ చప్పుడు విని లేచినా అటు తిరిగి పడుకుంటుంది.

జగిత్యాల బిడ్డ, దుబాయి
ఆదివారం, రాత్రి 9:20

పాలంపేట అన్నా, నా చేపకు రేవులన్నీ అయిపోయాయి. రామప్ప గుడిలో ఇంకేమి ఉన్నాయో చెప్పండి. మూడేళ్ల వాడికి అర్థమయ్యేవి కావాలి.

పాలంపేట దారి
ఆదివారం, రాత్రి 10:05

చాలా ఉన్నాయి తమ్ముడూ. గుడి కట్టించింది 1213లో, గణపతిదేవ చక్రవర్తి కాలంలో, సేనాని రేచర్ల రుద్రుడు. 2021లో ప్రపంచ వారసత్వ సంపదలో చేరింది. ఇవి మీరు తెలుసుకుంటే చాలు, వాడికి ఇసుకతో మొదలుపెట్టండి. గుడి పునాది కింద పెద్ద గుంత తవ్వి ఇసుకతో నింపారు. భూమి కదిలినా ఆ ఇసుక కదలికను తనలో కలుపుకుంటుందని చెబుతారు. పిల్లలకు ఇసుక తెలుసు కదా. ఒక తట్ట ఇసుక పోశారు, ఇంకో తట్ట పోశారు, గుంత నిండలేదు. ఎడ్లబండి వచ్చింది, బండెడు ఇసుక పోశారు, గుంత నిండలేదు. ఏనుగు వచ్చింది. ఇలా ఎంతమందితోనైనా మోయించవచ్చు.

గుంత నిండిన రాత్రి నుంచి ఇటుకలు మొదలుపెట్టండి. గోపురానికి వాడిన ఇటుకలు ఎంత తేలికంటే నీళ్లలో వేస్తే తేలుతాయి. మీ చేప ఆ చెరువులోకి వచ్చి ఒక్కో ఇటుకనూ ముక్కుతో నెట్టుకుంటూ ఒడ్డుకు చేర్చవచ్చు. గుడి పక్కనే రామప్ప చెరువు ఉంది. గోదావరి నుంచి చెరువుకు చేప ఎలా వచ్చిందని వాడు అడుగుతాడు. ఆ దారి మీరే కల్పించుకోండి, మధ్యలో కాలువలు, వాగులు కావలసినన్ని ఉన్నాయి.

సెలవులకు వచ్చినప్పుడు బాబును తీసుకురండి. ఏనుగుల వరుస వాడి ఎత్తుకు సరిగ్గా అందుతుంది, చేత్తో తాకకుండా చూడమని నేను చెబుతాను.